ఓర్పు వేఱు, మొండితనము వేఱు

దేహపరిశ్రమ మనుజునకు బలము నిచ్చునని యెల్లరు నెఱుగుదురు. అది మనస్సునకు నేమి నేర్పునో విచారించువారు మాత్రము కొలదిమంది. ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట అను మూటిని ఒకదాని వెంట నొకటిగా విరామము లేక జరుపు ట్రయథ్లాను పందెము నేడు లోకమున మిక్కిలి వ్యాపించియున్నది. దానికై యువజనులను కొన్ని దినము లొక్కచోట చేర్చి, దీర్ఘమైన ఈతలను, దీర్ఘమైన పరుగులను అభ్యాసము చేయించు శిబిరములును వెలసినవి. అట్టి శిబిరములలో “ఆగకుము, ఇంకను సాగుము” అను మాట తఱచుగా వినబడుచుండును. ఆ మాట ఎంతవఱకు హితము, ఎచ్చట అహితమగును అనునది విద్యార్థులును, తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఆలోచింపదగిన విషయము.

ఈ క్రీడ అంత ప్రాచీనమైనది కాదు. 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని సాన్ డియాగో నగరమున మిషన్ బే అనుచోట ఈ పేరుతో ఒక పందెము జరిగెను. 1978 ఫిబ్రవరి 18వ తేదీన హవాయి దీవులలో 2.4 మైళ్ల ఈత, 112 మైళ్ల సైకిలు ప్రయాణము, 26.2 మైళ్ల పరుగు కలిపి “ఐరన్‌మాన్” అను పందెమును నడపిరి. 15 మంది బయలుదేరగా 12 మంది ముగించిరి. మొదటివాడైన గోర్డన్ హాలరునకు 11 గంటల 46 నిమిషముల 58 సెకనులు పట్టెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెము తొలిసారి చేరినది. అచ్చటి దూరములు 1.5 కిలోమీటరుల ఈత, 40 కిలోమీటరుల సైకిలు, 10 కిలోమీటరుల పరుగు.

“సాగుము” అను మాటలోని మేలును ముందుగా చెప్పుట న్యాయము. దీర్ఘమైన ఈతయందు సగము దూరము గడచునప్పటికి వెనుకటి గట్టును దూరమే, ముందటి గట్టును దూరమే. చూచుటకు నీరు తప్ప వేఱొండు లేదు. మాటలాడుటకు తోడు లేదు. అప్పుడు దేహముకంటె ముందుగా మనస్సు విసుగుచెంది, “నేటికి చాలును, మిగిలినది రేపు చూచుకొందము” అని బోధించును. ఆ బోధకు చెవియొగ్గక, బారలను లెక్కించుకొనుచు, తరువాతి గుర్తుమీద మాత్రమే దృష్టి నిలిపి సాగువాడు గట్టు చేరును. పరుగునందును అంతియే. పది మైళ్లను ఒక్కసారిగా తలంచువాడు దిగులుపడును; ఎదుటి మైలురాయిని మాత్రము చూచువాడు దానిని దాటును. ఈ గుణము ఆటస్థలముననే నిలిచిపోదు. కఠినమైన లెక్కను నడుమ విడువక సాధించుటకును, అర్థముకాని పాఠమును మఱల మఱల చదువుటకును ఇదియే ఆధారము.

శరీరశాస్త్రము కూడ దీనిని సమర్థించుచున్నది. ప్రక్కవానితో మాటలాడగలిగినంత నెమ్మదిగా, చాలసేపు, పలు మాసములు పరుగెత్తువాని గుండె క్రమముగా బలపడి ఒక్కొక్క స్పందనమున ఎక్కువ రక్తమును పంపనేర్చును. కండరములలో సన్నని రక్తనాళములు వృద్ధిపొందును. అయితే ఈ మార్పు పరుగెత్తుచున్నప్పుడే పూర్తికాదు. అన్నము తిని, నిద్రించి, విశ్రమించునప్పుడు దేహము తన్ను తాను బాగుచేసికొని మునుపటికంటె దృఢమగును. కావుననే మంచి శిక్షకులు కష్టమైన దినము వెంట సులభమైన దినము నుంతురు. దూరమును కొంచెము కొంచెముగా పెంచుదురు. విశ్రాంతిని సోమరితనమని నిందించు శిబిరము బలమును పెంచదు, ఉన్న బలమును హరించును.

ఇక ఆ మాటవలన కలుగు కీడును విచారింతము. 1982 ఫిబ్రవరిలో హవాయి పందెమున జూలీ మాస్ అను కళాశాల విద్యార్థిని స్త్రీలలో అందఱికంటె ముందుండి, గమ్యమునకు సమీపమున కూలబడెను. లేచెను, మఱల పడెను. తుదకు ప్రాకుచు గమ్యరేఖను చేరెను. ఇంతలో కాథ్లీన్ మెకార్ట్‌నీ ఆమెను దాటి 29 సెకనుల ముందుగా గెలిచెను. ఆ దృశ్యమును టెలివిజనులో చూచి పలువు రీ క్రీడపై మక్కువ పడిరి. ఆమె పట్టుదలను మెచ్చుకొనని వారుండరు. కాని అది యుక్తవయస్సు వచ్చిన యువతి, నేలమీద, జనుల నడుమ, పందెపు తుది గజములలో చేసిన నిశ్చయము. దానిని బాలుర ప్రతిదినపు అభ్యాసమునకు సూత్రముగా గైకొనుట అవివేకము.

ఇంతకంటె మనకు దగ్గఱైన నిదర్శనము కలకత్తాకు చెందిన ఆరతీ సాహా. ఆమె ఇంగ్లీషు ఛానలును ఈదదలచి, 1959 ఏప్రిల్ మాసమున ఆ నగరములోని దేశబంధు పార్కు కొలనులో ఎనిమిది గంటలు ఎడతెగక ఈదెను. ఆగస్టు 27వ తేదీన ఛానలులో దిగి, ఇంగ్లండు తీరమునకు కొలది మైళ్ల దూరమువఱకు వచ్చెను. అచ్చట ప్రవాహము ఎదురుతిరిగెను. ఆమె ఇంకను ఈదుటకే నిశ్చయించుకొనెను గాని, వెంటనున్న పడవ మార్గదర్శి ఒప్పుకొనక పైకి రమ్మని నిర్బంధించెను. ఆమె పైకి వచ్చెను. అంతటితో కథ ముగిసెనా? సెప్టెంబరు 29వ తేదీన మఱల దిగి, 16 గంటల 20 నిమిషములలో ఛానలును దాటి, ఆ ఘనత పొందిన ఆసియా స్త్రీలలో ప్రథమురాలయ్యెను. తొలిదినమున మొండితనము జయించియున్నచో రెండవ దినము ఉండెడిదో లేదో! ఆమె విజయమునందు ఆ మార్గదర్శికిని పాలు కలదని నా అభిప్రాయము.

పరుగెత్తువాడు అలసినచో చెట్టునీడను కూర్చుండవచ్చును. ఈదువానికి నీటి నడుమ చెట్టు లేదు. కండరము పట్టివేసినను, వణకు పుట్టినను అతడు చేయి యెత్తవలసినదే. ఆ చేయి యెత్తుటకు సిగ్గుపడినచో ప్రాణమునకే ముప్పు. నేలమీదను అపాయము లేకపోలేదు. మన కోస్తా జిల్లాల వైశాఖమాసపు ఉక్కలో చెమట ఆరదు. వేడి దేహములోనే నిలుచును. దేహోష్ణము 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటి, మాట తడబడి, నడక తూలువానిని “ఇంకొక మైలు” అని తఱుముట ప్రాణముతో చెలగాటమాడుటయే. అట్టివానిని వెంటనే నిలిపి, దేహమంతయు చల్లని నీటితో తడిపి, వైద్యుని పిలువవలెను. నీరు త్రాగుటయందును మితము కావలెను. 2002 సంవత్సరపు బోస్టన్ మారథానులో పరీక్షింపబడిన 488 మందిలో నూటికి 13 మంది రక్తమున ఉప్పు తగ్గియుండెను. పరుగునందు మితిమీరి నీరు త్రాగుటయే దానికి ముఖ్యకారణము.

తల్లిదండ్రు లొక సంగతిని జ్ఞప్తియందుంచుకొందురు గాక. 2006 మే మాసమున ఒడిశాలో నాలుగేండ్ల బాలు డొకడు పూరీ భువనేశ్వరములకు నడుమ సుమారు 65 కిలోమీటరులు ఏడు గంటలలో పరుగెత్తి తుదకు సొమ్మసిల్లెను. చూచినవారు చప్పట్లు చఱచిరి, పత్రికలు కొనియాడెను. పిమ్మట ఆ రాష్ట్రప్రభుత్వము అట్టి పరుగులను మాన్పించెను. నాలుగేండ్ల బిడ్డకు “చాలును” అని చెప్పు శక్తి యుండదు. వానికి బదులుగా ఆ మాట చెప్పుటయే పెద్దల ధర్మము.

“ఆగుటకు సెలవిచ్చినచో పిల్లలు సోమరులగుదురు” అని కొందఱు వాదింతురు. ఆ భయము నిరాధారము కాదు. అయినను విసుగును, ఆపదను వేఱుపఱచుట అసాధ్యము కాదు. విసుగును, సామాన్యమైన అలసటయు వేగము తగ్గించినచో తగ్గును; మాటలతో మఱపింపవచ్చును. గుండెలో నొప్పి, తలతిరుగుడు, కీలునందు పోటు, తెలివి మసకబాఱుట ఇట్టివి మాటలకు లొంగవు. మొదటివానిని ఓర్చుకొనుట ధైర్యము. రెండవవానిని దాచుట మౌఢ్యము. ఈ భేదమును తెలియనిచ్చుటయే శిక్షకుని ముఖ్యవిద్య. అది నేర్పక కేకలు వేయుట ఎవ్వరికైనను సాధ్యమే.

కావున మన పాఠశాలలయందు కొన్ని నియమము లుండుట మంచిది. ఈతకు ఇద్దఱిద్దఱు జతగా దిగవలెను. గట్టున నొకరు వేఱుపని లేక చూచుచుండవలెను. దీర్ఘమైన పరుగు ఎండ ముదురకమునుపే ముగియవలెను. చేయి యెత్తిన బాలుని ముందుగా బయటికి తెచ్చి, పిదప కారణ మడుగవలెను. అతనిని పరిహసించినవారిని మందలింపవలెను. వార్షికోత్సవమున ప్రథమునికి బహుమాన మిచ్చుటతో తృప్తినొందక, సంవత్సరమంతయు తప్పక అభ్యాసము చేసినవానికిని ఒక బహుమాన మీయవలెను. దీర్ఘయానమునకు నిజమైన మూలధనము ఒక్కదినపు ఆవేశము కాదు, పెక్కు దినముల నియమము.

ప్రియ విద్యార్థులారా! మీరు ఈదుడు, పరుగెత్తుడు, విసుగు పుట్టినను విడువకుడు. కాని దేహము నిజముగా మొఱపెట్టునప్పుడు దానిని ఆలకింపుడు. తోడివాడు మొఱపెట్టునప్పుడు మీ పరుగును మాని వానియొద్దకు పొండు. నేడు మిగిలిన మైలు రేపును అచ్చటనే యుండును. దానిని దాటుటకు రేపు మీరును ఉండవలెను గదా!