ఇంటిబడి : బిడ్డలకుఁ బద్యము నేర్పుట

గతమాసమున బిడ్డలచేఁ గథలు చెప్పించుటనుగూర్చి వ్రాసితిమి. దానిని జదివిన సోదరి యొకతె "మా పిల్లవానికి శతకపద్యములు నూఱు వచ్చును. ఒక్కదాని యర్థ మడిగినను దెల్లమొగము వేయును. వీనిచేఁ బద్యము వ్రాయించుట యెట్లు?" అని యడిగినది.

ఈ చిక్కు మా యింటను గలదు. మా వారు బడిపంతులు. వారు పలకమీఁద గణములు వ్రాసి "భగణ మనఁగా నొక గురువు, రెండు లఘువులు" అని మొదలుపెట్టఁగానే మా పెద్దవాఁడు దాహమని లేచిపోయెడివాఁడు. మేము చిన్ననాఁడు మా తాతగారియొద్దఁ జదివినపుడు, గణముల పేరులు వినక మున్నే పద్యముల నడక మా చెవికిఁ బట్టినది. కావున ముందు చెవి, పిమ్మట నోరు, ఆపైనిఁ బలక యనునదియే మాకు మంచి వరుసగాఁ దోఁచుచున్నది.

మొదటి మెట్టు చదువుట. పద్యమును రాగముతో రెండుసారులు వినిపింపుఁడు. పిమ్మట "ఎవరు? ఏమి చేసిరి? ఎందుకు?" అని యడిగి, పదములను మాటలాడు వరుసలో బిడ్డచేతనే పెట్టింపుఁడు. పెద్ద లన్వయ మనునది యిదియే. అర్థము చెప్పనిదే మఱియొక పద్యమునకుఁ బోరాదు. నూఱు పద్యములు వచ్చుటకంటెఁ బది తెలియుట మేలు.

ఇంక నడకలు. వేమన పద్యము లాటవెలదులు. సుమతీశతకము కందములు. నరసింహశతకము సీసములు. దాశరథీశతకము చంపకోత్పలమాలలు. పేరు చెప్పకుండ రెండు రకముల పద్యములు వినిపించి "ఈ రెండింటి నడక యొక్కటేనా?" అని యడుగుఁడు. లక్షణ మెఱుఁగని బిడ్డయుఁ గాదని చెప్పును.

రెండవ మెట్టు గురులఘువులు. హ్రస్వాక్షరము లఘువు, దానికిఁ గాల మొక మాత్ర. దీర్ఘము గురువు, దానికి రెండు మాత్రలు. సున్నతోఁ గూడినదియు, ఒత్తక్షరమునకు ముందున్నదియుఁ గూడ గురువులే. కూర తరుగుచునే దీనిని నేర్పవచ్చును. లఘువునకుఁ జిటిక, గురువునకుఁ జఱపు. "పలక" యన మూఁడు చిటికలు, "అమ్మ" యన నొక చఱపు, నొక చిటిక. ఈ రెండే సూర్యగణములు. ఇంద్రగణము లాఱింటికిని మా యింట నీ మాటలు చెప్పుకొందుము: గడపలో, గడపలు, చిలుకమ్మ, మామిడి, బావిలో, కాకమ్మ. వీని శాస్త్రనామములు నగము, నలము, సలము, భగణము, రగణము, తగణము. అవి యాలస్యముగా వచ్చినను నష్టము లేదు.

మూఁడవ మెట్టు వ్రాఁత. పలువురు కందము చిన్నదిగదా యని దానితో మొదలిడుదురు. అది చదువుటకే చిన్నది. బేసిచోట జగణము రాఁగూడదు. ఆఱవ గణము నలమో జగణమో కావలయును. రెండవ నాలుగవ పాదముల తుద గురు వుండవలయును. పైని బ్రాస, యతి. బిడ్డ కిది మోయరాని బరువు. ద్విపదతో మొదలిడుఁడు. పాదమునకు మూఁడింద్రగణములు, నొక సూర్యగణము. మూఁడవ గణపు మొదటి యక్షరము పాదము మొదటి యక్షరముతోఁ జెలిమి చేయవలయును. అదియే యతి. రెండవ యక్షరమునఁ బ్రాస కూడ నుండవలయును గాని, దానిని విడిచిన మంజరీద్విపద యగును. తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును జెప్పినది యీ మంజరిలోనే. మనవంటి యిల్లాలు నడచిన త్రోవ మన బిడ్డలకుఁ జాలును. పిమ్మటఁ బ్రాసనియమము లేని తేటగీతి, ఆటవెలది. కందము, వృత్తములు తుదకు. గణములు బొత్తిగా నొల్లని బిడ్డకు గురజాడవారు 1910లో వెలువరించిన ముత్యాలసరముల నడకను వినిపింపుఁడు.

ఇంత చెప్పిన మేము చేసిన తప్పిదమునుగూడఁ జెప్పవలయును. నిరుడు మా యత్తగారు స్వర్గస్థులైరి. కొన్నినాళ్లకు మా పదేండ్ల పిల్ల వంటయింటికి వచ్చి మా చేత నొక కాగితము పెట్టినది. అందు రెండు పాదములు:

మామ్మ లేనింటిలో మంచమ్ము కలదు
మంచమ్ము మీఁద నా కథలిప్డు లేవు

మేము పొయ్యిమీఁది చారు చూచుకొనుచునే "రెండవ పాదమున యతి తప్పినది. మకారమునకుఁ గకారము చెల్లదు" అంటిమి. పిల్ల మాఱుపలుకక కాగితమును మడిచి తీసికొనిపోయినది. రెండు నెలలు పద్యమను మాటయే యెత్తలేదు. ఒకనాఁడు దాని పుస్తకములు సర్దుచుండఁగా నా కాగితము కనఁబడినది. కథలను మాటను గొట్టివేసి, ఆ చోటు ఖాళీగా విడిచినది. మే మా పాదములను నిజముగాఁ జదివినది నాఁడే. తొల్లి చూచినది యతిని మాత్రమే.

పిల్లను దగ్గఱకుఁ దీసికొని "తప్పు నాదే తల్లీ, నీవు చెప్పినది వినకయే దిద్దితిని. మామ్మ మంచముమీఁదఁ గథలు గాక యింకేమేమి యుండెడివి?" అంటిమి. అది చాలసేపూరకుండి "విసనకఱ్ఱ, మందుసీసా, మాటలు" అన్నది. అనినవెంటనే తల యెత్తి "అమ్మా, మంచమునకు మాటలు చెల్లునుగదా!" అని, తానే యిట్లు దిద్దుకొన్నది:

మంచమ్ము మీఁద నా మాటలు లేవు

యతి కుదిరినది. భావమును లోఁతైనది. మేము కన్నులు తుడుచుకొంటిమి.

కావున, సోదరీమణులారా, బిడ్డ పద్యము తెచ్చినపుడు చేతిపని దింపి ముందుగా నది యేమనుచున్నదో వినుఁడు. పిమ్మట నొక్క తప్పునే చూపుఁడు. దిద్దు మాటను మీరీయక, ప్రశ్న వేసి బిడ్డచేతనే వెదకింపుఁడు. ఈ నెల మీ యింటి చెట్టునో, దూడనో, తాతగారి కఱ్ఱనో గూర్చి రెండు మంజరీపాదములు వ్రాయింపుఁడు. సీసపద్యమును జదువు విధమునుగూర్చి వచ్చుమాసమున ముచ్చటించుకొందము.