దేవుడి పేరుతో బెదిరించడం హింస కాదా?

తనకల్లు మండలంలో ఆ పల్లెకు నేను వెళ్ళింది మతం గురించి మాట్లాడటానికి కాదు, పొదుపు సంఘాల అప్పుల సంగతి తెలుసుకోవడానికి. వేరుశనగను నమ్ముకున్న కరువు నేల అది. వాడలో చాలా ఇళ్ళ మగవాళ్ళు బెంగుళూరులో కూలి పనుల్లో ఉన్నారు. ఒకామె ఐదు నెలలుగా కంతు కట్టడం లేదని లీడరు ఫిర్యాదు చేసింది. ఎందుకని అడిగితే "సంఘానికి ఇచ్చినానక్కా" అంది ఆమె. ఏ సంఘానికి? పొదుపు సంఘానికి కాదు, ఆదివారం సంఘానికి. మన పల్లెల్లో రెండింటికీ ఒకే మాట కావడంతో అప్పటిదాకా ఎవరూ రెట్టించి అడగలేదు.

బ్యాంకు ఇచ్చిన అప్పు కూడా రాబడే కనుక అందులో దశమభాగం దేవుడిదని పాస్టరు చెప్పాడట. ఇచ్చింది. తర్వాత మందిరం రేకులకని మరికొంత ఇచ్చింది. మొగుడు తాగి కొడుతున్నాడని ప్రార్థన చేయించుకోడానికి వెళ్ళి, ఆయనకొక్కడికే చెప్పుకున్న ఇంటి విషయం తర్వాతి ఆదివారం ప్రవచనం రూపంలో అందరి ముందూ బయటికి వచ్చింది. పేరు చెప్పలేదు గానీ ఎవరి గురించో వాడంతా గ్రహించింది. ఇక ఇవ్వలేనని చెప్పిన నెలలోనే పిల్లవాడికి జ్వరం వచ్చింది. అది అవిధేయతకు శిక్ష అన్నారు. ఆమెను ప్రభువు బల్లకు రానివ్వలేదు. తోటి విశ్వాసులు కుళాయి దగ్గర పలకరించడం కూడా మానేశారు. (ఊరి పేరు, సంఘం పేరు రాయడం లేదు. రాస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది.)

"మొగుడు కొడితే పుట్టింటికి పోతానక్కా. దేవుడే కోపంగా ఉండాడంటే యాడికి పోయేది?" అంది.

2005 నాటి గృహహింస చట్టం శారీరక, లైంగిక, మానసిక, ఆర్థిక హింసలను గుర్తించింది. మన శిక్షణా తరగతుల్లో వాటిని బోర్డు మీద నాలుగు గడులుగా గీసి చెబుతుంటాం. ఆమె ప్రశ్న అందులో ఏ ఒక్క గడిలోనూ ఇమడలేదు. పైగా పాస్టరు ఆమె ఇంటి మనిషి కాదు కనుక ఆ చట్టం ఆయన దాకా పోదు.

అప్పుడు నేనొక తప్పు చేశాను. "ఇంక ఆ చర్చికి పోవద్దు" అన్నాను, అదేదో దుకాణం మార్చుకున్నంత తేలిక అన్నట్టు. ఆమె తల వంచుకుంది. తర్వాత రెండుసార్లు ఆ ఊరు వెళ్ళినా నాకు కనిపించలేదు. దేవుణ్ణి వదులుకోమని చెప్పే ఇంకో పెద్దమనిషిగా నేను ఆమెకు తోచి ఉంటాను. బడి ముఖం చూడనివ్వని కులానికి పాట నేర్పి, నలుగురి ముందు నిలబడి సాక్ష్యం చెప్పే ధైర్యం ఇచ్చింది కూడా ఆ ఆదివారమే. మనం అక్కడికి వెళ్ళకముందే ఆమెను పేరు పెట్టి పిలిచిన చోటు అది. దాన్ని తీసేసి మనం ఇచ్చేదేమిటి?

దీన్ని ఆధ్యాత్మిక హింస అంటున్నారు. 1991లో అమెరికాలో డేవిడ్ జాన్సన్, జెఫ్ వాన్‌వాండెరెన్ అనే ఇద్దరు క్రైస్తవ రచయితలు ఈ పేరుతోనే పుస్తకం రాశారు. ఇంగ్లండు చర్చి ట్రిబ్యునల్ ఒకటి, ఒక మతాధికారి పదహారేళ్ళ ప్రాయంలో ఉన్న కుర్రవాడి మీద సాగించిన పెత్తనాన్ని ఈ మాటతోనే తప్పుపట్టింది. పేరు కొత్తదైనా అనుభవం పాతదే. పండిత రమాబాయి 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నాక, వాంటేజి మఠంలోని సిస్టర్లు ఆమె ఏది నమ్మాలో, ఎవరి మాట వినాలో నిర్ణయించబోయారు. ఎంతో కష్టపడి మన పురోహితుల కాడి దించుకున్నాననీ, మళ్ళీ అలాంటి కాడికే మెడ అప్పగించలేననీ ఆమె తిరిగి రాసింది. ఆ ఉత్తరాలు 1977లో అచ్చయ్యాయి. రమాబాయి క్రీస్తును వదల్లేదు. 1922లో చనిపోయే దాకా క్రైస్తవురాలే. బైబిలును మరాఠీలోకి తానే అనువదించుకుంది.

గుర్తించడానికి వేదాంతం చదవక్కర్లేదు. ఆ స్త్రీ ప్రశ్న అడగగలదా, కాదనగలదా, కావాలంటే వెళ్ళిపోగలదా? ఈ మూడింటిలో దేనికైనా జవాబు దేవుడి శిక్ష అయితే అక్కడ ఏదో తప్పు జరుగుతున్నట్టే. మాత్రలు మానెయ్యమనడం, నమ్మి చెప్పుకున్న గుట్టును కూటంలో వాడుకోవడం, కొట్టే భర్తకు లోబడటమే విశ్వాసమనడం, వీటన్నింటి వెనకా ఉండేది ఆ బెదిరింపే. కఠినమైన ప్రసంగమంతా హింస కాదు. కానుక అడగడమూ హింస కాదు. ఇవ్వనన్నప్పుడు ఏం జరుగుతుందో చూడాలి.

పాస్టర్లు తరచుగా వాడే వాక్యం 105వ కీర్తనలోది. అభిషేకం పొందినవారి జోలికి పోవద్దు అనే అర్థం వచ్చే మాట. దాన్ని చూపించి ఎదురు ప్రశ్న వేసిన వాళ్ళ నోరు మూయిస్తారు. నేను క్రైస్తవురాలిని కాను గానీ ఆ కీర్తన ముందు నుంచీ చదివాను. ఆ మాట అక్కడ విశ్వాసులతో అన్నది కానే కాదు. సొంత నేల లేక, గుప్పెడు మందిగా దేశం నుంచి దేశానికి తిరుగుతున్న వలస కుటుంబాలను ముట్టవద్దని రాజులను గద్దించిన సందర్భం అది. అభిషిక్తులంటే ఆ వలసవాళ్ళే. బెంగుళూరు బస్సెక్కే కూలివాళ్ళ పక్షాన పలకాల్సిన వాక్యాన్ని వాళ్ళ ఆడవాళ్ళ మీదికే తిప్పుతున్నారు.

మనమెందుకు ఇన్నాళ్ళు మాట్లాడలేదు? 2008లో కంధమాల్‌లో చర్చిలు తగలబడ్డాక, పాస్టరు మీద ఒక్క మాటన్నా అది ఎవరి చేతికి ఆయుధమవుతుందోనని భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే దాని ధర చెల్లించేది ఆ వాడ ఆడవాళ్ళే. పైగా కులం మెలిక ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్.సి. హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్ళు బి.సి. 'సి'లోకి వస్తారు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్న కుటుంబానికి ఫిర్యాదు అంటే పిల్లల సర్టిఫికెట్టు గుర్తుకొస్తుంది. ఆ సంగతి పాస్టరుకూ తెలుసు.

చర్చిలన్నీ ఒకటి కావు. దక్షిణ ఇండియా సంఘంలో పాస్టరు మీద బిషప్పు, కమిటీలు, సినడ్ ఉన్నాయి. ఆ సంఘపు మొదటి మహిళా బిషప్పు పుష్పలలిత 2013లో మన రాయలసీమలోనే, నంద్యాలలో బాధ్యతలు తీసుకున్నారు. వ్యవస్థ ఉన్నంత మాత్రాన న్యాయం దొరుకుతుందని కాదు. 2018 సెప్టెంబరులో కేరళలో కొందరు నన్‌లు తమ సోదరి కోసం ఒక బిషప్పు మీద కొచ్చిలో రోడ్డెక్కాల్సి వచ్చింది. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆ బిషప్పును నిర్దోషి అన్నది. ఆ నన్‌లు తమ దుస్తుల్లోనే రోడ్డు మీద కూర్చున్నారు, మఠం వదిలి కాదు. ఇక రేకుల షెడ్డులో ఒకే మనిషి నడిపే స్వతంత్ర సంఘంలో ఆ పాటి మెట్లు కూడా ఉండవు. ఖాతా పుస్తకమూ ఆయనదే, వాక్యమూ ఆయనదే.

చట్టం మరీ చేతులెత్తేయలేదు. దేవుడి ఆగ్రహానికి గురవుతావని నమ్మించి ఒకరి చేత పని చేయించడం 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరం, 508వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 354. ఏ మతానికైనా వర్తిస్తుంది. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు కనుక స్టేషనులో పట్టించుకోకపోవచ్చు. నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానంలో ఉండి అత్యాచారం చేస్తే అది సంహిత 64(2)లో మరింత తీవ్రమైన నేరం. సొసైటీగానో ట్రస్టుగానో నడిచే చర్చిలో జీతం లేకుండా సండేస్కూలు చెప్పే అమ్మాయి కూడా 2013 లైంగిక వేధింపుల చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళే వీలుంది. మన కార్యకర్తల్లో ఎంతమందికి ఈ సెక్షన్లు తెలుసు? నాకే తెలియదు, ఆమె అడిగేదాకా.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె కనిపించింది. ఈసారి సలహా ఇవ్వలేదు. పిల్లవాణ్ణి కదిరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలి, మందులతో తగ్గింది. ఆమెకు అదే పెద్ద మాట అయింది, నేను చెప్పగలిగిన ఏ మాటకన్నా. కంతుల సంగతి పొదుపు సంఘంలో కూర్చుని తేల్చుకున్నాం. పాత విశ్వాసి ఒకామె, వేరే సంఘం మనిషి, సాయంత్రాలు వచ్చి ఊరికే పక్కన కూర్చునేది. తొమ్మిదో తరగతి చదివే కూతురు 105వ కీర్తన మొదటి నుంచీ చదివి వినిపిస్తే, "రాజులతో అన్యాడా ఈ మాట?" అని రెండుసార్లు అడిగిందట.

కేసు పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. నాకు పెట్టాలనే ఉండింది, ఇప్పటికీ ఉంది. నిర్ణయం ఆమెది. ఉరుము ఉరిమితే ఇంకా ఉలిక్కిపడుతుంది, తనకోసమే అన్నట్టు. నెలకు రెండు ఆదివారాలు బస్సెక్కి ఇంకో ఊరి కూటానికి వెళ్తోంది. తలుపు దగ్గర చివరి వరసలో కూర్చుంటుందట. కానుక సంచి వచ్చినప్పుడు చెయ్యి పెట్టకుండా పక్కకు అందిస్తుంది. ఎవరూ ఏమీ అనలేదంది, ఇంతవరకు.