పెద్ద చక్రం ఎప్పుడు కావాలి?



పోయిన నెల మీలో ఒకరు నాకు వుత్తరం వ్రాశారు. "మాస్టారూ, మా మామయ్య జీపు కొన్నాడు. దాన్ని ఎత్తు చేయించి, ఏనుగు పాదాల్లాంటి టైర్లు వేయిస్తానంటున్నాడు. అమ్మమ్మ వద్దంటున్నది. ఎవరి మాట సరి?" అని. ఇంట్లో తగవు తీర్చటం నా పని కాదు. లెక్క చెయ్యటం మాత్రం నా పనే గదా! రండి, చేసి చూద్దాం.

ముందు ఒక సంగతి చెబుతాను. నేను సముద్రం ఒడ్డున ఒక వూళ్లో పంతులుగా వున్న రోజుల్లో, పరీక్ష కాగితాలు తెస్తున్న జీపు ఇసుకలో దిగబడింది. డ్రైవరు బలంగా తొక్కినకొద్దీ చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోతుకు పోయాయి. అందరం కలిసి తోశాం, కదల్లేదు. అంతలో ఒక ముసలి డ్రైవరు వచ్చి, నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేశాడు. "వున్న గాలి కూడా పోగొడతాడేమిటి!" అని మేము నవ్వాం. అతను మాట్లాడకుండా, మొదటి గేరులో మెల్లగా నడిపాడు. జీపు బయటకు వచ్చింది! మా నవ్వు ఆగిపోయింది.

ఇందులో కిటుకేమిటో చూడండి. ఒక జీపు బరువు 5,280 పౌన్లు, అంటే సుమారు 2,400 కిలోలు అనుకుందాం. ఒక్కొక్క చక్రం మీద 1,320 పౌన్లు పడుతుంది. టైరులో చదరపు అంగుళానికి 30 పౌన్ల గాలి వుంటే, ఆ బరువు మొయ్యటానికి 44 చదరపు అంగుళాల మేర టైరు నేలకు ఆనాలి. గాలిని 6 పౌన్లకు తగ్గిస్తే 220 చదరపు అంగుళాలు ఆనాలి. టైరు పక్కగోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి లెక్క సరిగ్గా ఇంతే రాదు. అయినా దారి ఇదే. మరి మనిషో? 132 పౌన్ల మనిషి నడిచేటప్పుడు బరువంతా ఒక్క పాదం మీదే పడుతుంది. పాదం 24 చదరపు అంగుళాలైతే, చదరపు అంగుళానికి ఐదున్నర పౌన్లు. అంటే, అంత పెద్ద జీపు నేలను నొక్కేది ఇంచుమించు మనిషి పాదం నొక్కినంతే!

అయితే చిన్న టైరులో గాలి అంతగా తీస్తే రిమ్ము నేలకు తగులుతుంది. పెద్ద టైరు అవసరమయ్యేది ఇక్కడే. టైరు మీద 31×10.5ఆర్15 అని వుంటే, ఎత్తు 31 అంగుళాలు, వెడల్పు పదిన్నర, రిమ్ము 15 అని అర్థం. 31 లోంచి 15 తీసి సగం చెయ్యండి. పక్కగోడ 8 అంగుళాలు. 38×15.5ఆర్15 అయితే పదకొండున్నర. నలగటానికి అంత చోటు వున్నదన్న మాట.

ఇటువంటి బళ్లకు పేరుపడ్డ దేశం ఐస్‌లాండు. అక్కడ సుమారు పదోవంతు నేల మంచు పలకల కిందే వున్నది. 38 అంగుళాలు, 44 అంగుళాల టైర్లు వేసి, గాలి 3 పౌన్లకు కూడా తగ్గించి, మెత్తని మంచు మీద తేలినట్లు పోతారు. మంచు తుఫానులో ఎవరైనా చిక్కుకుంటే, జీతం తీసుకోని కార్యకర్తలు ఈ బళ్లలోనే వెళ్లి కాపాడతారు. కాని అదే దేశంలో, మంచు లేని నేల మీద దారి తప్పి బండి తోలటం నేరం. అక్కడి నాచు ఒకసారి చితికితే, తిరిగి పెరగటానికి ఎన్నో యేళ్లు పడుతుంది.

ఇక మామయ్యగారి "ఎత్తు" సంగతి. స్ప్రింగులు మార్చి బండిని ఎత్తు చేస్తే పైకి లేచేది బండి శరీరమే. ఇరుసు వున్న చోటే వుంటుంది. ఇరుసును లేపేది టైరొక్కటే, అదీ పెరిగినదానిలో సగం. 31 నుంచి 38 కి పోతే మూడున్నర అంగుళాలు. మరి బండిని ఎత్తు చెయ్యటం ఎందుకు? పెద్ద టైరు తిరిగేటప్పుడు మడ్‌గార్డుకు రాసుకోకుండా చోటు ఇవ్వటానికి.

లాభం చూశాం, ఖర్చు కూడా చూడాలి. పెద్ద చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. పళ్లచక్రాలు మార్చకపోతే స్పీడు ముల్లు 80 చూపేటప్పుడు బండి నిజంగా 98 మీద పోతుంటుంది! ఇంజను బరువుగా లాగుతుంది. బరువైన చక్రాలను ఆపటానికి బ్రేకులు ఎక్కువ శ్రమపడాలి. బండి ఎత్తయితే మలుపులో తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. గాలి తగ్గించిన టైరుతో తారురోడ్డు మీద వేగంగా పోతే, అది వేడెక్కి పగులుతుంది. రోడ్డెక్కే ముందు తిరిగి గాలి కొట్టి తీరాలి. పైగా మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చరాదు.

కాబట్టి మామయ్యను ఒక్క ప్రశ్న అడగండి: "ఈ బండి ఏ దారిన పోతుంది?" బజారుకూ, బడికీ, పొలం గట్టుకూ అయితే, తయారుచేసినవారు ఒప్పిన కొలతలోనే గట్టి టైర్లు చాలు. మట్టిదారికీ తారురోడ్డుకూ పనికివచ్చేవి దొరుకుతాయి. అమ్మమ్మకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు. ఎత్తు బండి ఎక్కలేక మోకాలు పట్టుకునేది ఆవిడే గదా!

చేసి చూడండి: సైకిలు వెనక టైరును తడిపి, ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి, మరొకరు పట్టుకోండి. పొడి గచ్చు మీద పడ్డ తడి మచ్చను కొలవండి. గాలి కొంచెం తీసి మళ్లీ కొలవండి. రిమ్ము నేలకు ఆననివ్వకండి. రెండు కొలతలూ నాకు వ్రాసి పంపండి. అన్నట్టు, తీసిన గాలి తిరిగి కొట్టటం మరచిపోకండి!