నాకు నచ్చిన పాటలో టీచరే విలన్

పేరెంట్-టీచర్ మీటింగులో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, కుర్చీలోంచి లేవబోతూ తల్లిదండ్రులు చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. ఈ ఏడాది నేను ఎక్కువసార్లు విన్నది ఇది: "మేడమ్, మావాడు చెవుల్లోంచి ఆ ఇయర్‌ఫోన్స్ తీయడండీ. పోనీ మంచి పాటలా అంటే అదీ కాదు, ఇంగ్లిష్‌లో ఏవో అరుపులు. మీరు కాస్త గట్టిగా చెప్పండి. మీరు చెబితే వింటాడు."

గట్టిగా చెప్పడం నాకు కొంచెం ఇబ్బందే. ఆ అరుపులు నాకూ ఇష్టం. పదేళ్లకు పైగా రాక్ సంగీతం వింటున్నాను. పేపర్లు దిద్దుకుంటూ వింటాను, స్కూల్ బస్సులో వింటాను. కాబట్టి ఈ నెల గ్రామర్ గురించి కాకుండా నాకు నచ్చిన బ్యాండ్ల గురించి రాస్తాను. మీ పిల్లలు వినే పాటల్లో చాలావరకు మన గురించే ఉన్నాయని, అంటే తల్లిదండ్రులూ టీచర్ల గురించే ఉన్నాయని నా అభిప్రాయం. వాటిని ఆపేముందు ఒక్కసారి విని చూస్తే మనకే మంచిది.

మన సినిమా పాటకూ రాక్ పాటకూ ఒక తేడా ఉంది. సినిమా పాటలో సందర్భం దర్శకుడిది, మాట కవిది, గొంతు గాయకుడిది, బాధ హీరోది. రాక్ బ్యాండ్‌లో సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. గిటార్, బేస్, డ్రమ్స్ వాయించేదీ వాళ్లే, పాడేదీ వాళ్లే, ఎక్కువగా పాట రాసుకునేదీ వాళ్లే. అందుకే పద్నాలుగేళ్ల పిల్లవాడికి అది ఎవరో తనతో నేరుగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇక అరుపుల సంగతికి వస్తే, మీలో చాలామంది 1994లో 'ప్రేమికుడు' పాటలు విన్న తరం. అప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

నాకు రాక్ పరిచయమైంది ఇంటర్ రోజుల్లో. హాస్టల్లో ఫోన్లు ఉండవు. దసరా సెలవులకు ఇంటికి వస్తే, బీటెక్ చదువుతున్న మా పెద్దనాన్నగారి అబ్బాయి తన పాత ఫోన్ చేతిలో పెట్టాడు. మెమరీ కార్డు నిండా పాటలు. చాలావాటికి పేర్లు కూడా లేవు, ట్రాక్ 1, ట్రాక్ 2 అని ఉన్నాయంతే. వాటిలో ఒకటి లింకిన్ పార్క్ అనే అమెరికన్ బ్యాండ్ పాట 'నంబ్'. 2003లో వచ్చిన 'మెటియోరా' ఆల్బంలో చివరి పాట అదేనని తర్వాత తెలిసింది. మూడు నిమిషాలు ఉంటుంది. ఎదుటివాళ్ల అంచనాలు మోసి మోసి మొద్దుబారిపోయిన మనిషి గొంతు అందులో వినిపిస్తుంది. వీడియోలో ఒక అమ్మాయి ఎప్పుడూ బొమ్మలు వేసుకుంటూ ఉంటుంది. క్లాసులో పిల్లలు నవ్వుతారు, ఇంట్లో తల్లి కోప్పడుతుంది. వీక్లీ టెస్ట్ ర్యాంకుల లిస్టు నోటీసు బోర్డు మీద చూసి వచ్చిన పదహారేళ్ల అమ్మాయికి ఆ పాట ఏ దేశంలో పుట్టిందన్నది ముఖ్యం కాదు. నాకు మాటలు సగమే అర్థమయ్యాయి. ఆ సగమే చాలు. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, మళ్లీ బోటనీ పుస్తకం తీశాను. పాట నా చదువును చెడగొట్టలేదు. నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని చెప్పింది, అంతే.

ఇక టైటిల్‌లో చెప్పిన పాట. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1979 నవంబరు 30న 'ది వాల్' అనే ఆల్బం విడుదల చేసింది. అందులో ఎక్కువ పాటలు రాసింది బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్. ఆయనకు ఐదు నెలల వయసులో, 1944లో, తండ్రి ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. ఆల్బంలో కథ ఒక మనిషి తన చుట్టూ తానే కట్టుకున్న గోడ గురించి. తగిలిన ప్రతి దెబ్బా ఒక ఇటుక. తండ్రి లేకపోవడం ఒక ఇటుక, క్లాసులో పిల్లల్ని ఎగతాళి చేసే మాస్టారు ఒక ఇటుక. ఆ మాస్టారి పాటే 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్' రెండో భాగం. స్కూలు మీద కోపంతో పుట్టిన పాటల్లో దీనికంటే పేరున్నది నాకు తెలిసి లేదు. టీచర్‌నై ఉండీ నాకు అది చాలా ఇష్టం.

ఆ పాటలో పిల్లల కోరస్ ఉంది. అది పాడింది నిజంగా స్కూలు పిల్లలే. అప్పట్లో బ్యాండ్ స్టూడియో ఉన్న లండన్‌లోని ఇస్లింగ్టన్ ప్రాంతంలోనే ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూల్ ఉండేది. అక్కడి మ్యూజిక్ టీచర్ ఆలన్ రెన్‌షాను అడిగితే, ఆయన 23 మంది పిల్లలను వెంటబెట్టుకుని స్టూడియోకు వెళ్లారు. వాళ్ల గొంతులను ఒకదాని మీద ఒకటి చాలాసార్లు రికార్డు చేసి, పెద్ద గుంపు పాడుతున్నట్టు వినిపించేలా చేశారు. పాట మాటలు చూశాక హెడ్ టీచర్‌కు నచ్చలేదు, పిల్లలను టీవీలో కనిపించడానికి ఒప్పుకోలేదు. స్కూలుకు 1000 పౌండ్లు, ఒక ప్లాటినం రికార్డు అందాయి. పాట ఆ ఏడాది క్రిస్మస్‌కు బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. నాకు ఈ మొత్తం కథలో నచ్చే మనిషి రెన్‌షానే. స్కూలును తిట్టే పాటకు స్కూలు పిల్లలను తీసుకెళ్లిన టీచర్! మా స్టాఫ్ రూమ్‌లో ఈ సంగతి చెబితే సగం మంది నవ్వారు, సగం మంది ఆయన ఉద్యోగం ఉందా పోయిందా అని అడిగారు.

మరుసటి సంవత్సరం, 1980లో, ఆ పాట దక్షిణాఫ్రికా చేరింది. అక్కడ నల్లజాతి పిల్లలకు తెల్లవాళ్ల పిల్లలకంటే నాసిరకం చదువు చెప్పేవారు. దానికి నిరసనగా స్కూళ్లు బహిష్కరించిన విద్యార్థులు ఈ పాటను తమదిగా చేసుకుని పాడారు. ప్రభుత్వం పాటను నిషేధించింది. గమనించండి, ఆ పిల్లలు చదువు వద్దని పాడలేదు. మంచి చదువు కావాలని, చదువు వద్దన్నట్టు వినిపించే పాట పాడారు. పాట పైకి ఏమంటుందో, పాడేవాడి మనసులో ఏముందో రెండూ ఒకటి కానక్కర్లేదు.

తొమ్మిదో తరగతిలో ఒకసారి నెగెటివ్ వాక్యాలు చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, ఒక వాక్యంలో రెండు నెగెటివ్‌లు తప్పన్నారు కదా, మరి పింక్ ఫ్లాయిడ్ పాట మొదటి లైన్‌లోనే రెండున్నాయి" అన్నాడు. నాకు పట్టరానంత సంతోషం వేసింది. తెలుగులో "రాకుండా ఉండడు" అంటే వస్తాడనే అర్థం, రెండు 'కాదు'లు కలిసి 'అవును' అయ్యాయి. లండన్ సామాన్యుల మాటలో అలా కాదు, రెండో 'కాదు' మొదటిదాన్ని ఇంకా గట్టి చేస్తుంది. పరీక్షలో రాస్తే మార్కు పోతుంది, వీధిలో అంటే అర్థమవుతుంది. ఆ రోజు ఇరవై నిమిషాలు దీని మీదే గడిచింది. వర్క్‌షీట్ మర్నాటికి వాయిదా పడింది.

టీచర్లను తిట్టారని నవ్వుకుంటున్న తల్లిదండ్రులకు ఒక మాట. అదే ఆల్బంలో 'మదర్' అనే పాట కూడా ఉంది. కొడుకు ప్రశ్నలు అడుగుతుంటాడు, తల్లి లాలిస్తూ జవాబు చెబుతుంటుంది. కొడుకు గొంతు వాటర్స్‌ది, తల్లి గొంతు డేవిడ్ గిల్మోర్‌ది. ఆ తల్లి చెడ్డది కాదు. ప్రేమ ఎక్కువై, తన భయాలన్నీ కొడుకు నెత్తిన పెడుతుంది. గోడలో ఆమె ఇటుక కూడా ఉంది.

ఇదంతా ఒకవైపు వాదన, పిల్లల వైపే మాట్లాడుతుంది అంటారా? అయితే 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' వినండి. 1967లో బీటిల్స్ విడుదల చేసిన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బంలోది. ఇల్లు వదిలి వెళ్లిపోయిన ఒక టీనేజ్ అమ్మాయి గురించి పేపర్లో వచ్చిన వార్త చదివి పాల్ మెకార్ట్నీ ఈ పాట మొదలుపెట్టాడు. ఇందులో డ్రమ్స్ లేవు, గిటార్ లేదు. వయొలిన్ల కుటుంబం, ఒక హార్ప్, రెండు గొంతులు, అంతే. రాక్ అంటే చెవులు మూసుకునే వాళ్లు ఇక్కడ మొదలుపెట్టవచ్చు. పాల్ అమ్మాయి కథ చెబుతుంటే, మధ్యలో జాన్ లెనన్ తల్లిదండ్రుల మాటలు పాడతాడు. ఆ తల్లిదండ్రులు రాక్షసులు కారు. కష్టపడ్డారు, అన్నీ కొనిచ్చారు, ఎక్కడ తక్కువ చేశారో వాళ్లకు అర్థం కావడం లేదు. అమ్మాయికి ఏం కావాలో వాళ్లు ఎప్పుడూ అడగలేదని మనకు అర్థమవుతుంది. పాట ఎవరినీ దోషిగా నిలబెట్టదు. జాన్‌ను పెంచింది వాళ్ల పెద్దమ్మ మిమి. గిటార్‌తో బతుకు గడవదని ఆమె హెచ్చరిస్తుండేదని చెబుతారు. పాటలో తల్లిదండ్రుల మాటలు తన ఇంట్లో విన్నవాటిలాంటివేనని జాన్ తర్వాత చెప్పాడు. నేను ఈ పాటను మీటింగులు జరిగిన రోజు సాయంత్రం వింటుంటాను. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్న ముఖాలు అందులో కనిపిస్తాయి.

అన్నీ ఏడుపు పాటలే అనుకోకండి. స్పోర్ట్స్ డే నాడు మన పిల్లలు రెండుసార్లు నేలను తన్ని ఒకసారి చప్పట్లు కొడతారే, ఆ తాళం క్వీన్ బ్యాండ్ 1977లో ఇచ్చిన 'వి విల్ రాక్ యు' పాటది. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా. పార్సీ కుటుంబం, మహారాష్ట్రలోని పంచగని బోర్డింగ్ స్కూల్లో చదువు. ఆ తాళం పాట రాసింది మాత్రం గిటారిస్ట్ బ్రయాన్ మే. నాకు ఆయన పాటకంటే ఆయన గిటార్ కథ ఇష్టం. 1963లో కొనడానికి డబ్బులు లేక, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ తయారుచేయడం మొదలుపెట్టాడు. పాత చలిమంట గూడు చెక్కతో మెడభాగం, పాత మోటార్ సైకిల్ స్ప్రింగులు, అమ్మ కుట్టుపని డబ్బాలోని ముత్యపుచిప్ప గుండీలు. దాదాపు రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ ఆయన వాయించేది దాన్నే. తర్వాత బ్యాండ్ కోసం ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ మధ్యలో వదిలేస్తే, గిటార్ చేసిచ్చిన ఆ తండ్రే చాలా బాధపడ్డాడు. బ్రయాన్ మే 2007లో, అరవై ఏళ్ల వయసులో, ఇంపీరియల్ కాలేజీ నుంచి ఆ పీహెచ్‌డీ పూర్తిచేశాడు.

ఇది చదివి "అయితే గిటార్ నేర్పిస్తే మ్యాథ్స్ మార్కులు పెరుగుతాయా మేడమ్" అని మాత్రం అడగకండి, ప్లీజ్. పెరగకపోవచ్చు. ప్రతి దానికీ మార్కుల్లో లెక్క చూసే అలవాటు మనకు ఎక్కువైంది. ఆ గిటార్ కథలో నన్ను ఆపేది పీహెచ్‌డీ కాదు. ఒక తండ్రి రెండేళ్లు కొడుకు పక్కన కూర్చుని చెక్క చెక్కడం.

మీ భయాల్లో కొన్ని న్యాయమైనవే. మొదటిది చెవులు. పిల్లలైతే 75 డెసిబుల్స్‌లో వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శబ్దం పెరిగే కొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. చాలా ఫోన్లలో వాల్యూమ్ హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, పెట్టండి. రెండోది బూతు మాటలు. అవి ఉన్న పాటలు ఉన్నాయి, కాదనను. మ్యూజిక్ యాప్‌లలో అలాంటి పాట పక్కన 'ఈ' అక్షరం గుర్తు ఉంటుంది, ఆరో తరగతి పిల్లలకు అవి వద్దనడంలో తప్పులేదు. మూడోది, నన్ను చాలామంది తల్లులు గొంతు తగ్గించి అడిగేది: ఇంత దిగులు పాటలు వింటే పిల్లలకు ఏమైనా అవుతుందా? 'నంబ్' పాడిన చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జులైలో ఆత్మహత్య చేసుకున్నాడు, కాబట్టి ఆ ప్రశ్నను కొట్టిపారేయలేను. నా అనుభవంలో దిగులు పాట విని, దాని గురించి మాట్లాడే పిల్లవాడి గురించి నాకు భయం తక్కువ. పాటలు కూడా మానేసి, తిండి తగ్గించి, నిద్రపోకుండా, స్నేహితులకు దూరమయ్యే పిల్లవాడిని చూస్తే భయం. అలాంటప్పుడు ఇయర్‌ఫోన్స్ లాక్కోకండి, పక్కన కూర్చుని అడగండి, క్లాస్ టీచర్‌కు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. అందులో తెలుగులో మాట్లాడవచ్చు, ఫోన్ చేయడానికి డబ్బులు పడవు.

ఇక పిల్లలకు ఏం చెప్పాలి అంటారా? "నీకు బాగా నచ్చిన పాట ఒకటి పెట్టు, నేనూ వింటా" అనండి. మధ్యలో వ్యాఖ్యానాలు వద్దు, ఫోన్ చూసుకోవడం వద్దు. మొదటిసారి వాడు సిగ్గుపడి ఏదో మెత్తటి పాట పెడతాడు. అసలు పాట మూడోసారికో నాలుగోసారికో బయటికి వస్తుంది. తర్వాత మీ ఇళయరాజా పాట ఒకటి మీరు పెట్టండి.

చివరిగా ఒక స్వార్థం. మన క్యాంపస్‌లో తొమ్మిదో తరగతికి మ్యూజిక్ పీరియడ్ వారానికి ఒకటే ఉంది. పరీక్షలు దగ్గరపడగానే అది రివిజన్ పీరియడ్ అయిపోతుంది, కొన్నిసార్లు దాన్ని తీసుకునేది ఇంగ్లిష్ సబ్జెక్టే. టైమ్ టేబుల్ నా చేతిలో లేదు. టీచర్ అడిగితే అది ఒక సలహా, ఫీజు కట్టే తల్లిదండ్రులు అడిగితే దాని బరువు వేరు. వచ్చే మీటింగులో ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారం చివర 'ఇతర సూచనలు' అని రెండు గీతలు ఖాళీగా ఉంటాయి. చాలామంది వాటిని అలాగే వదిలేస్తారు. ఈసారి అక్కడ ఆ పీరియడ్ గురించి ఒక లైన్ రాయండి.