దిక్కులేని సొత్తు

విశాఖపట్టణపు సముద్రపుగాలి యినుమును తినివేయునని యెల్లరు నెఱుఁగుదురు. పోలీసుఠాణాల యావరణములలో పడియున్న బండ్లను జూచిన మఱియొక సాక్ష్య మక్కఱలేదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షను ప్రకారము, పోలీసువారు పట్టుకొనిన సొత్తునకు హక్కుదారు తెలియనిచో, దాని నుంచుకొను మేజిస్ట్రేటు ప్రకటన గావించి ఆఱు మాసముల గడువీయవలెను. పిమ్మట నది ప్రభుత్వాధీనమై వేలమునకు పోవచ్చును. ఇంతవఱకు న్యాయమే. కాని పదివేల రూపాయలకు లోపు విలువగల వస్తువును ఎప్పుడైనను అమ్మించుటకు 505వ సెక్షను అధికార మొసంగుచున్నది. పూర్వపుచట్టములో నీ మేర ఐదువందలే! వచ్చిన పైకమును హక్కుదారు కోరుకొనవచ్చునట. రేవు కళాసీకి కావలసినది పైకమా, తెల్లవాఱి పనికి పోవు సైకిలా?

చట్టమును సవరించుట ఢిల్లీవారి పని. జనులకు తెలియఁజేయుట యిచ్చటివారి చేతిలోనిది. కచేరీగోడమీఁది కాగితమును కళాసీ యెప్పుడు చదువును? బండి గుఱుతులు, దొరికిన చోటు, తేదీ తెలుఁగున వ్రాయించి, రేవు గేటువద్దను, ఉక్కు కర్మాగారము గేటువద్దను, పఠనమందిరములలోను ప్రతిమాసము నంటింపవలెనని పోలీసు కమిషనరుగారిని కోరుచున్నాము. అమ్మకమునకు ముందే యంటింపవలెను.