మన ఇంటి ముచ్చట: నాలుగు వాక్యాలు, ఒక కొలత

పోయిన నెల ఒక సాయంత్రం మా మనవరాలు అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు వ్యాసం బట్టీ పెడతా ఉంది. తొమ్మిదో తరగతి, కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పైన హిందీ, ఇంగ్లీషు.

"ఏం వ్యాసమే అమ్మీ?" అన్నాను.

"సౌరశక్తి ఉపయోగాలు తాతా" అని పేజీ మొత్తం చూడకుండా అప్పజెప్పింది. సంతోషమే.

"అయితే మన తిరుమణి సంగతి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయి. ఎకరాకు ఏడాదికి మొదట్లో 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల లీజు" అన్నాను. రెండేళ్లకి 22,050 అవుతుందని లెక్క చప్పున చెప్పింది. వాక్యం మాత్రం రాలేదు. "ఇది పుస్తకంలో లేదు తాతా" అంది.

ఆ మాట నన్ను గుచ్చింది. నేను స్పిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసినప్పుడు ఒక రాత్రి షిఫ్టులో రింగు ఫ్రేముకి డ్రాఫ్టు చేంజి వీలు మార్చాల్సి వచ్చింది. గోడమీద చార్టు ఇంగ్లీషులో ఉంది. అడగడానికి సిగ్గుపడి, గుర్తుమీద ఒకటి బిగించేశాను. పళ్ల సంఖ్య తప్పు. తెల్లారేసరికి నూలు కౌంటే మారిపోయింది. ఒకరోజు కూలి పోయింది. కూలి కన్నా సిగ్గు ఎక్కువ బాధించింది. నాకు కావలసింది పెద్ద ఇంగ్లీషు కాదు, ఆ చార్టు చదివేంత ఇంగ్లీషు, ఆ బొమ్మ అర్థమయ్యేంత గీత.

మన పిల్లోళ్లకి ఈ అవసరం ఇంకా పెద్దది. మా ఊరితో కలిపి ఐదు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. 2018 మార్చి 1న ప్రారంభించారు. ఇప్పుడు 2,000 మెగావాట్లకు పైనే. భూమి అమ్మలేదు, కౌలుకే ఇచ్చాము. ఊరోళ్లకి దొరికేది ఎక్కువగా గడ్డి కోయడం, పలకలు కడగడం, కాపలా. భూమి లేని ఇంటికి కౌలూ రాదు. లీజు ముగిసేనాటికి కాగితం ముందు కూర్చునేది ఈ పిల్లలే. అప్పుడు బట్టీ వ్యాసం పనికొస్తుందా?

ఎస్సెస్సెల్సీలో ఇంగ్లీషుకి 100 మార్కులు. అవి కావాల్సిందే, కాదనను. కానీ వాటితోపాటు మూడు రావాలి: ఒక కాగితం చదివి అందులో ఏముందో చెప్పడం, తాను చేసిన పనిని వరసగా రాయడం, అర్థం కానిది భయపడకుండా అడగడం.

డ్రాయింగు సంగతీ అంతే. కొండ, సూర్యుడు, కొబ్బరిచెట్టు చాలా గీశారు. డిజైను అంటే కొలిచి, గీసి, చేసి, సరిపోకపోతే మళ్లీ గీయడం. ఒక పాఠం చెప్తాను. ఇంటి పైన కదలకుండా పెట్టే సోలార్ పలకని మన దిక్కున దక్షిణానికి వంచుతారు. వాలు ఆ చోటి అక్షాంశానికి దగ్గరగా పెడతారు, మనకు సుమారు 14 డిగ్రీలు. కోణమాపకం, అట్టముక్క ఇవ్వండి. పిల్ల ఆ వాలు చేసి, కొలతలు వేసి, కింద ఇంగ్లీషులో ఐదు మాటలు రాయాలి. అంతలో లెక్క, భూగోళం, గీత, ఇంగ్లీషు అన్నీ ఒకేచోట కలుస్తాయి. ఇంకో ప్రశ్న: పలకల కింద మేకలు మేయాలంటే ఎంత ఎత్తు ఉండాలి? ఇది మన ఊరి ప్రశ్న. మేకని కొలిచే పని పిల్లలకి ఇష్టం కూడా.

అమ్మలారా, నాయనలారా, మనకు ఇంగ్లీషు రాకపోయినా పర్లేదు. ఇంట్లో కరెంటు బిల్లు, మందు డబ్బా, మిల్లు జీతం చీటీ ఉంటాయి గదా. వారానికి ఒకటి చేతికిచ్చి "ఇందులో ఏముంది, తెలుగులో చెప్పు" అనండి. తప్పు చెప్తే తిట్టొద్దు. నేను ఆ రోజు అడగలేకపోయింది తిట్లకు భయపడే.

మా మనవరాలు ఆదివారం నాలుగు వాక్యాలు రాసింది. తప్పులున్నాయని మాష్టరు దిద్దిచ్చారు. ఐదోది తానే కలిపింది. చదివి చెప్పమంటే, "28 ఏళ్ల తర్వాత మా భూమి ఎలా తిరిగొస్తుంది? అని తాతా" అంది. నా దగ్గర జవాబు లేదు. కానీ అడిగింది.