క్రొత్త పిల్లియు, పాత పిల్లియు

ఎలుకల బాధకై మన రఘునాథపల్లిలో పిల్లిని పెంచెడి యిండ్లు కలవు. రెండవ పిల్లి వచ్చినంతనే పాతది అన్నము మాని, మూల దాగి, బుసకొట్టినచో, పొగరని దానిని కొట్టుట కద్దు. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము.

పిల్లి తన చోటును ముఖ్యముగా వాసనచే నెఱుఁగును. తలుపులకును స్తంభములకును చెక్కిలి రాచి తన వాసన నంటించును. సామానులు మార్చినను, వేఱొక పిల్లి వచ్చినను ఆ గుఱుతులు చెదరును. అందుచే దానికి భయము కలుగును.

కావున క్రొత్తదానిని కొన్నినాళ్లు వేఱు గదిలో నుంచి, ఒకదాని పఱుపుగుడ్డను వేఱొకదానికి వాసన చూపవలెను. పిమ్మట మూసిన తలుపున కిరుప్రక్కల అన్నము పెట్టి, క్రమముగా ఒకదాని నొకటి చూడనీయవలెను. గిన్నెలును దాగుచోట్లును వేర్వేఱుగా నుండవలెను. దినమంతయు ఏమియు తిననిచో పశువైద్యునకు చూపుట మేలు. ఉపవాసము పిల్లి కాలేయమునకు చేటు.

పిల్లినైనను గదిలో పెట్టి కొట్టిన తిరుగఁబడునందురు. బాలబాలికలారా, క్రొత్తదానిని తెచ్చినవారము మనమే గనుక, ఓర్పు వహించుటయు మన విధియే.